పెట్టిన గుడ్లు మూడు... పొదిగినవి నాలుగు!

మన కథల్లో సవతి తల్లి మంచిదని ఎక్కడైనా చదివారా? రాజుగారికి ఇద్దరు భార్యలు అనగానే ఒకావిడ ఉత్తమురాలు, రెండో ఆవిడ గయ్యాళి. ధ్రువుణ్ని తండ్రి ఒడిలో కూర్చోనివ్వని సురుచి, రాముణ్ని అడవికి పంపించిన కైక... చెప్పుకుంటూ పోతే జాబితా చాంతాడంత. మా రాజమండ్రిలోనైతే సారంగధర మెట్ట అని ఏకంగా ఓ చోటే ఉంది. చిత్రాంగి చెప్పిన చాడీ నమ్మి రాజు సొంత కొడుకు కాళ్లూ చేతులూ నరికించాడన్న కథ అక్కడిదేనని పెద్దవాళ్లు చెప్పుకుంటారు.

నేను ఆ ఉద్యోగంలో చేరి నాలుగేళ్లయింది. మావారికిది రెండో పెళ్లి. నేను కాపురానికి వచ్చేసరికి పాపకి ఐదేళ్లు. నన్ను ‘పిన్నీ’ అంటుంది. రాత్రి కథ చెప్పందే దానికి నిద్ర పట్టదు, వాళ్లమ్మ చేసిన అలవాటట. సరే, ఆ అలవాటు తప్పకూడదని నేనూ రోజూ ఏదో ఒకటి చెబుతుండేదాన్ని. ఒకరోజు స్నోవైట్ కథ వంతు వచ్చింది. అద్దం, విషపు ఆపిల్... అంతా విని, దుప్పటి గడ్డం దాకా లాక్కుని అడిగింది కదా, “పిన్నీ, ఆవిడ కూడా మొదట్లో మంచిగానే ఉండేదా?”

నా గొంతులో వెలక్కాయ పడింది.

ఇలాంటి కథలు మానేస్తే సరిపోతుందని మావారి సలహా. ఎలా మానేస్తాం చెప్పండి? మనం చెప్పకపోతే బళ్లో చెబుతారు, టీవీలో చూపిస్తారు. అందుకని నేనే కథలు రాయాలనుకున్నాను. రాసే ముందు పాతవి చదవాలిగా! చదివితే తెలిసిన సంగతులు అన్నీ ఇన్నీ కావు.

గ్రిమ్ సోదరులు 1812లో జర్మనీలో వేసిన మొదటి పుస్తకంలో స్నోవైట్‌ని చంపించాలని చూసింది సవతి తల్లి కాదు, కన్నతల్లే! 1819లో వచ్చిన రెండో ముద్రణలో ఆ అన్నదమ్ములే ఆమెను సవతి తల్లిగా మార్చేశారు. కన్నతల్లి అలా చేసిందంటే చదివేవాళ్ల మనసు ఒప్పుకోదని మార్చి ఉంటారని పండితులు అంటారు. హాన్సెల్, గ్రెటెల్ కథలోనూ ఇంతే... పిల్లల్ని అడవిలో వదిలేద్దామన్న తల్లి తర్వాతి ముద్రణల్లో సవతి తల్లి అయిపోయింది. అమ్మ పేరుకు మచ్చ రాకూడదని ఆ మసి తెచ్చి మా మొహానికి పూశారన్నమాట!

మన భారతం మాత్రం నన్ను ఆదుకుంది. మాద్రి సహగమనం చేస్తూ నకుల సహదేవుల్ని కుంతి చేతుల్లో పెట్టింది. కుంతికి ఆ సహదేవుడంటేనే పంచప్రాణాలు. పాండవులు అడవికి వెళ్లేటప్పుడు వాణ్ని ప్రత్యేకంగా కనిపెట్టుకుని ఉండమని ద్రౌపదికి అప్పగింతలు పెట్టింది. యక్షుడు తమ్ముళ్లలో ఒక్కణ్నే బతికిస్తానంటే ధర్మరాజు భీముణ్నీ అడగలేదు, అర్జునుణ్నీ అడగలేదు. కుంతికి నేనున్నాను, మాద్రికీ ఒక కొడుకు మిగలాలి కదా అని నకులుణ్ని కోరుకున్నాడు. ఆ పెంపకం కుంతిది. మరి మన ముసలమ్మలు సురుచి పేరే పదే పదే ఎందుకు ఎత్తుతారో!

పాత కథలోంచి కొత్త కథ తీయడం మనకేం కొత్త కాదు. చందమామలో బేతాళ కథలు చదవని ఇల్లుండేదా? 11వ శతాబ్దంలో కశ్మీరంలో సోమదేవుడు రాసిన కథాసరిత్సాగరంలో ఉన్నవి పాతిక బేతాళ కథలే. చందమామ వాళ్లు అదే చెట్టూ, అదే శవం, అదే మౌనభంగం పెట్టుకుని దశాబ్దాల తరబడి వందల కొద్దీ కొత్త కథలు అల్లేశారు. ఓల్గా గారి ‘విముక్త’లో సీత వెళ్లి శూర్పణఖతో కూర్చుని మాట్లాడుతుంది. దానికి 2015లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. అంత పెద్దవాళ్ల సరసన నన్ను నేను నిలబెట్టుకోవడం లేదు సుమా! దారి ఉందని చెబుతున్నానంతే.

నేను కాకిని పట్టుకున్నాను. మా పెరటి వేపచెట్టు మీద ఏటా గూడు కడుతుంది. కోయిల దాని గూట్లో గుడ్డు పెట్టి వెళ్లిపోతుందని అందరికీ తెలిసిందే. (మనం కోయిలమ్మ అంటాం గానీ, కూ కూ అని పాడేది మగ కోయిలట. ఆడది గోధుమరంగు మీద తెల్లచుక్కలతో వేరే పిట్టలా ఉంటుంది!) కాకి మోసపోయిందనే ఇన్నాళ్లూ చెప్పుకున్నాం. మోసపోలేదని నా కథ.

వేపచెట్టు మీద కాకి పిల్లల్ని పెంచుతోంది. అందులో ఒకటి ఓ పొద్దున ‘కావ్’ అనబోయి ‘కూ’ అంది. చెట్టు చెట్టంతా గొల్లున నవ్వింది. గోరింక వచ్చి, “పిచ్చి కాకమ్మా, అది నీ పిల్ల కాదే” అంది. కాకి మేత పెట్టడం ఆపకుండానే జవాబు చెప్పింది. “నాకు లెక్కలొచ్చు వదినా. నేను పెట్టిన గుడ్లు మూడు, పొదిగినవి నాలుగు. మొదటి రోజే తెలుసు.”

ఇది విన్నాక పాప ఏమడుగుతుందో నాకు ముందే తెలుసు. వాళ్లమ్మ ఫొటో మా హాల్లోనే ఉంది మరి. అనుకున్నట్టే, “అయితే కోయిల చెడ్డదా, వదిలేసి వెళ్లిపోయిందా?” అంది. ఒక తల్లి మీది నింద తీసి ఇంకో తల్లి మీద వేస్తే ఆ జర్మనీ అన్నదమ్ములకూ నాకూ తేడా ఏముంది? అందుకే కథలో కోయిలకి గూడు కట్టడం రాదు. ఊళ్లో చెట్లన్నీ తిరిగి, పిల్లల జోలికొస్తే మనిషినైనా నెత్తిన పొడిచే తల్లి ఎవరా అని వెతికి వెతికి, ఈ కాకినే ఎంచుకుంది. పాప చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, “మూడూ ఒకటీ... నాలుగు” అని వేళ్లు లెక్కపెట్టుకుంటూ నిద్రపోయింది.

మా అత్తగారికి మాత్రం ఈ కథ నచ్చలేదు. “దానికి మరపు రావాల్సింది పోయి నువ్వే గుర్తు చేస్తావేమిటే అమ్మాయ్?” అన్నారు. ఆవిడ బాధ ఆవిడది, పోయింది కన్న కూతురిలాంటి కోడలు. నేను వాదించలేదు, అలాగని కథా మార్చలేదు.

మీరూ రాయాలనుకుంటే నాకు తోచిన మాట ఒకటి రెండు. పాత కథ మొత్తం ఎత్తుకోకండి, అద్దమో చెప్పో బేతాళుడో ఏదో ఒక్కటి తీసుకోండి. జంతువు స్వభావం చెడగొట్టకండి. గడ్డి మేసే నక్కని పిల్లలు క్షణం నమ్మరు. నా కాకి కూడా దొంగే, కథలో మా ఇంటి అప్పడాలు ఎత్తుకుపోతూనే ఉంటుంది. చివర్లో నీతి పెట్టే పని మాత్రం పెట్టుకోవద్దు. పంచతంత్రంలో ముంగిస కథ గుర్తుందా? బిడ్డతో సమానంగా పెంచిన ముంగిస మూతికి నెత్తురు చూసి, బిడ్డనే చంపిందనుకుని ఆ తల్లి దాన్ని చంపేస్తుంది. లోపల చూస్తే బిడ్డ క్షేమం, పక్కన చచ్చిన పాము. దానికి కింద నీతి రాయకపోయినా కడుపులో దేవినట్టు అవుతుంది. రాసింది ఒకసారి గట్టిగా చదువుకోండి. పిల్లలు ఆవలిస్తే ఆ వాక్యం కొట్టేయడమే!

ఇప్పటికి రెండొందల పేజీల నోటుబుక్కులో పదకొండు కథలయ్యాయి. బొమ్మలు పాపవి. పన్నెండోది స్నోవైట్ అద్దం గురించి ఉండాలని ఆర్డరేసింది. ఆ అద్దం రాణిగారితో ఒక్కసారైనా అబద్ధం చెప్పాలట. ఏం అబద్ధమో ఇంకా తేలలేదు.