హేమావతియా, హెంజేరా?

అమరాపురమునకుఁ జేరువ, కన్నడసీమ పొలిమేరను, హేమావతి యను నూరు గలదు. 2022 వఱకు ననంతపురము జిల్లాలో నుండి, పిదప శ్రీసత్యసాయి జిల్లాలోఁ జేరినది. వానకు మొగమువాచిన యీ మిట్టసీమకు వచ్చువారు లేపాక్షిఁ జూచి మరలుదురే కాని యిటు దిరుగుట యరుదు. ఇది నొళంబపల్లవుల రాజధాని. గంగరాజు మారసింహుఁడు 10వ శతాబ్దిని వారి నడఁచి నొళంబకులాంతకుఁడను బిరుదు దాల్చెను. చోళులు గొనిపోయిన నొళంబస్తంభములు తిరువయ్యాఱున నేఁటికిని గానవచ్చును.

ఇచటి సిద్ధేశ్వరాలయమున శివుఁడు లింగరూపుఁడు గాక పురుషాకృతిఁ గూర్చుండి పూజ లందుకొనుచున్నాఁడు. దొడ్డేశ్వరాలయపు ఱాతిజాలకముల చెక్కడమును దీఱికగాఁ జూడవలయును.

శాసనములలో నీయూరు పెంజేరు, హెంజేరు. కన్నడమునఁ బదాదిపకారము కాలక్రమమున హకారమైనది. మన పాలు వారికి హాలు, మన పులి వారికి హులి. కావునఁ బెంజేరే ప్రాచీనరూపము. పెను, చీఁకటి కలసి పెంజీఁకటి యైనట్లు, పెను, చెఱువు కలసి యీపేరు పుట్టెనని నా తలంపు. హేమావతి యన్ననో తరువాతి సంస్కృతాభిమానుల కల్పన. అమరావతి మొదలగు సంజ్ఞలకుఁ బాణిని విధించిన దీర్ఘము, శరాదులలో లేని రెండచ్చుల హేమశబ్దమునకుఁ జెల్లదు, హేమవతి కావలెను. ఊరివారి నోటఁ బాఁతుకొన్న పేరును దిద్దఁబోను గాని, యీ కఱవుసీమలోఁ బైఁడిపేరు క్రిందఁ జెఱువు మఱుగుపడుట సహింపలేకున్నాను.

ఆలయమునకుఁ బోవువారు పెద్దల నడిగి యా చెఱువు జాడయుఁ జూచి రండు. పాతఱాలపై వ్రాఁతలున్నచో నకలు దీసి పంపఁ గోరెదను.