ఈగకును మనకును ఒకే పట్టు

అరటిపండ్లపై ముసురు చిన్న ఈగకును మనకును చుట్టరికము కలదన్న శ్రోతలు నవ్వవచ్చును. కాని ఈగ కణములోని పుమిలియో అను మాంసకృత్తును చూడుడు. జన్యువు పంపిన వార్తను మోయు ఆర్.ఎన్.ఏ. పోగును అది పట్టి నిలుపును. పిండము వెనుక భాగమున ఒక వార్తను ఇట్లు ఆపుటవలననే ఉదర మేర్పడుచున్నది.

అట్టి మాంసకృత్తులే ఈస్టులోను, మనలోను కలవు. ఈస్టుకును మనకును దారులు చీలి నూరు కోట్ల సంవత్సరములు దాటినవి! 2002లో మానవుని పుమిలియో ఆర్.ఎన్.ఏ.ను పట్టు తీరు తేటపడినది. విల్లువలె వంగిన దేహము. అందు ఎనిమిది మడతలు, ఒక్కొక్కదానికి సుమారు 36 అమైనో ఆమ్లములు. విల్లు లోవైపున ఒక్కొక్క మడత వార్తలోని ఒక్కొక్క అక్షరమును పట్టుకొనును.

ఇంతకాలము ఈ పట్టు మారకుండుటకు కారణమేమి? ఒకే మాంసకృత్తు వందల వార్తలను చదువును. పట్టు సడలినచో అన్నియు ఒక్కసారి తారుమారగును. అట్టి జీవికి సంతతి మిగులుట అరుదు. పట్టిన వార్తలు మాత్రము జాతిజాతికి చాలవరకు మారినవి.

మనలో ఈ జన్యువు రెండు ప్రతులలో ఒకటి చెడిన కొందరు పిల్లలకు ఎదుగుదల మందగించి, నడక తూలి, మూర్ఛలు వచ్చుట 2018లో వెల్లడియైనది. మాంసకృత్తు పావువంతు మాత్రమే తగ్గిన కుటుంబమున ఆ తూలుట నడివయస్సున ఆరంభమైనది.