ప్రాత గిటారు: వెలయు విలువయు

ప్రాతదైన ప్రతి వస్తువును విలువగలది కాదు. మన నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతములందు దేవాలయములలోను గృహములలోను కీర్తనలకు గిటారు వాయించువారు గలరు. క్రొత్తది కొనజాలని కుటుంబములు ప్రాతదానిని వెదకుట సహజము. "ఇది పురాతనమైనది" అను ఒక్కమాటకే అధికమైన వెల యీయకుండుటకై కొన్ని సంగతుల నిచ్చట వివరింతుము.

గిటారులు ద్వివిధములు. ఒకటి తన చెక్కపెట్టె ప్రతిధ్వనిచే మ్రోగును. రెండవదానిలో ఉక్కుతంత్రుల క్రింద అయస్కాంతమును, దానిచుట్టు సన్నని రాగితీగయు నుండును. తంత్రి కంపించినపుడు ఆ తీగయందు స్వల్ప విద్యుత్ప్రవాహము పుట్టును; దానిని ఆంప్లిఫయరు హెచ్చించును.

సంగ్రాహకులు వయస్సును మాత్రమే చూడరు. నిర్మాత యెవరు, ఏ సంవత్సరమున చేసెను, అట్టివి ఎన్ని గలవు, భాగములు మార్పునొందెనా యని విచారింతురు. 1958 మొదలు 1960 వరకు గిబ్సన్ సంస్థవారు చేసిన సన్‌బర్స్ట్ లెస్ పాల్ గిటారులు నేడు కోట్ల రూపాయలు పలుకుచున్నవి. వానికే క్రొత్త రంగు పూసినచో వెల మిక్కిలి తగ్గును. కలకత్తాలో తయారైన గివ్‌సన్ గిటారులు వేరు. పేరులో అక్షరమొక్కటియే భేదము. అవి నేర్చుకొనువారికి పనికివచ్చునుగాని సంగ్రాహకుల వెలకు తగవు. ఇక కర్ట్ కోబేన్ వాయించిన 1959 నాటి మార్టిన్ గిటారు 2020లో 60 లక్షల డాలర్లకు పైగా అమ్ముడయ్యెను. అది వాయించినవాని కీర్తికి కట్టిన వెల.

కొయ్యయు వెలను నిర్ణయించును. 1833లో స్థాపితమై, పిదప అమెరికాలోని నజరేతు పట్టణమునకు మారిన మార్టిన్ సంస్థవారు, బ్రెజిలు దేశపు రోజ్‌వుడ్ దుర్లభమగుటచే 1969లో మన దేశపు జిట్రేగి కొయ్యను చేపట్టిరి. ఈ జాతి వృక్షము మన నల్లమలలోను గలదు. అందుచేత అంతకు పూర్వపు బ్రెజిలు కొయ్య గిటారులకు వెల హెచ్చు.

బొబ్బిలి ఏకాండివీణ ఒక్క పనసమ్రానిలో తొలువబడును. గిటారు పెట్టె యన్ననో పలుచని పలకలను జిగురుతో నతికినది. ఉక్కుతంత్రుల లాగుడు సుమారు 70 కిలోల బరువుకు సమానము. వేసవిలో 40 డిగ్రీలు దాటు మన యెండలో జిగురు సడలును, పలక చీలును. కావున కొనుటకు ముందు తంత్రులను మోయు గుఱ్ఱము లేచెనా, కంఠము వంగెనా చూడవలెను. 12వ మెట్టువద్ద తంత్రి సుమారు 3 మిల్లీమీటర్లకు మించి యెత్తుగా నున్నచో బాలుర వ్రేళ్లు నొచ్చును. బిరడలను త్రిప్పి శ్రుతి నిలుచునా యని పరీక్షింపవలెను. ప్రతి మెట్టును మీటి వినవలెను. శిల్పులకు పేరొందిన ఆళ్లగడ్డవారికి మేము వేరుగ చెప్పనక్కరలేదు: శిల్పి రాతిని తట్టి నాదముచే పగులును గుర్తించునట్లు, పెట్టెను మెల్లగా తట్టినచో వదులైన పలక జీరపలుకును.

విద్యార్థులారా! సంగ్రాహకుని గిటారు అద్దపు బీరువాలో నుండినను దాని వెల తరుగదు. మీ గిటారు విలువ యన్ననో మీరు దినదినము చేయు సాధనయందే యున్నది. తలిదండ్రులు కష్టార్జితమును వెచ్చించునది పేరుకొఱకు గాక నాదముకొఱకు కావలెను.