లినక్స్‌లో నెట్‌వర్కు పునఃప్రారంభము, చిరునామా నవీకరణ

లినక్స్ నడిచే కంప్యూటరు నెట్‌వర్కుతో తన సంబంధమును తెంచుకొని మరల కలుపుకొనుటను నెట్‌వర్కు పునఃప్రారంభము అంటారు. గడువుపై లభించిన ఐ.పి. చిరునామాను పొడిగించుకొనుట, లేదా వదలి మరల పొందుట చిరునామా నవీకరణ. ఈ చిరునామాలను పంచే నియమావళి పేరు డి.హెచ్.సి.పి. దీని తొలి ప్రమాణము 1993 అక్టోబరులోను, ప్రస్తుత ప్రమాణము (ఆర్.ఎఫ్.సి. 2131) 1997 మార్చిలోను వెలువడినవి.

కౌలు గడువు

చిరునామా కంప్యూటరుకు సొంతము కాదు, కౌలు భూమి వంటిది. 24 గంటల గడువైతే 12వ గంటకు కంప్యూటరు తనంతట తానే పొడిగింపు కోరును. జవాబు రానిచో 21వ గంట నుండి ఏ సర్వరునైనను అడుగును. గడువు తీరినచో చిరునామాను విడువవలసినదే. కనుక మామూలు రోజులలో వాడుకరి చేయవలసినది ఏమియు లేదు.

కరెంటు పోయినపుడు

2018 అక్టోబరు 11న పలాస సమీపమున తీరము దాటిన తిత్లీ తుఫాను తరువాత శ్రీకాకుళం జిల్లా ఉద్దానం పల్లెలలో కరెంటు రోజుల తరబడి నిలిచిపోయినది. అంతటి విరామము తరువాత కంప్యూటర్లన్నియు కొత్తగా చిరునామా అడుగును గనుక తగవు రాదు. చిత్రమేమనగా, చిక్కు తెచ్చునది స్వల్ప విరామమే. పాఠశాల ప్రయోగశాలలో కంప్యూటర్లు, స్విచ్చి ఇన్వర్టరుపై నడుచుచు రౌటరు మాత్రము ఆగి లేచినచో, ఆ సంగతి కంప్యూటర్లకు తెలియదు. రౌటరులోని కౌలు పట్టిక చెరిగిపోయి, అదే చిరునామా మరొక యంత్రమునకు దక్కవచ్చును. అపుడు రెండును సరిగా పనిచేయవు. నవీకరణ అవసరమగునది ఇక్కడనే.

ఆదేశములు

ఆదేశములను ఆంగ్ల చిన్న అక్షరములతో టైపు చేయవలెను. ముందుగా 'ఐపీ ఏ' అను ఆదేశముతో ఉన్న చిరునామాను చూడవలెను. అది 169.254తో మొదలైనను, అసలు లేకున్నను సర్వరు బదులీయలేదని అర్థము. అపుడు తీగను, రౌటరును పరీక్షించుట మేలు. ఉబుంటు, ఫెడోరా డెస్క్‌టాపులలో 'ఎన్ఎంసీఎల్ఐ నెట్‌వర్కింగ్ ఆఫ్', పిదప 'ఎన్ఎంసీఎల్ఐ నెట్‌వర్కింగ్ ఆన్' చాలును. పాత పుస్తకములలో కనబడు 'డీహెచ్‌క్లయంట్' నిర్వహణను ఐ.ఎస్.సి. సంస్థ 2022లో విరమించినది. కొత్త పంపిణీలలో అది లేకపోవచ్చును.

విజయనగరములో కూర్చొని శ్రీకాకుళములోని సర్వరులోనికి ఎస్.ఎస్.హెచ్. ద్వారా ప్రవేశించినవారు 'ఆఫ్' ఆదేశమును మాత్రమే ఇచ్చినచో, 'ఆన్' చేయుటకు దారియే ఉండదు. ఎవరైనా ఆ యంత్రము ముందుకు వెళ్ళవలసినదే. రెండింటిని ';' గుర్తుతో ఒకే వరుసలో ఇచ్చుట కొంత నయము; చిరునామా మారినచో అప్పటికిని సంబంధము తెగును.

నవీకరణ వలన చిరునామా మారితీరునని లేదు; సర్వరు తరచు పాతదానినే తిరిగి ఇచ్చును. 192.168తో మొదలగునది ఇంటిలోపలి చిరునామా. దానిని మార్చినను, ఇంటర్నెట్టుకు కనబడు బయటి చిరునామా మారదు.