కోత లేని చికిత్స కరణ్‌కోటకు చేరునా?

తాండూరు చెంతనున్న కరణ్‌కోట ప్రాంతమున నాపరాతిని తీయు విధమును చూచినవారెందరో కలరు. అడుగునున్న రాయి కావలెనన్న పైనున్న మన్నంతయు తొలగింపక తప్పదు. శస్త్రవైద్యము సైతము చిరకాలమిట్లే నడచినది. రోగస్థానమును చేరుటకు రోగము లేని కండను గూడ కోయవలసి వచ్చెడిది. 1888, 1889 సంవత్సరములలో హైదరాబాదున జరిగిన క్లోరోఫారము విచారణలు, మత్తునిచ్చి కోయుట యెంతవరకు క్షేమమో పరిశీలించినవి. కోయకయే బాగుచేయు మార్గము అటుపిమ్మట దొరకినది.

1953లో స్వీడను వైద్యుడు సెల్డింగరు ఒక యుపాయమును ప్రకటించెను. ధమనిలోనికి సూదిని గ్రుచ్చి, దానిగుండ సన్నని తీగను పోనిచ్చి, సూదిని తీసివైచి, తీగ వెంబడి మెత్తని గొట్టమును నడుపుటయే యది. ఎక్సు కిరణములు తెరపై దారి చూపును. 1964 జనవరి 16వ తేదీన అమెరికాలోని పోర్ట్‌లండు నగరమున డాక్టరు డాటరు ఈ మార్గముననే 82 ఏండ్ల వృద్ధురాలి కాలిధమనిని తెరచెను. కుళ్లుచున్న కాలిని తీసివేయవలెనని శస్త్రవైద్యులు చెప్పగా ఆమె యొప్పుకొనలేదు. కాలు నిలిచినది, ఆమె మరి రెండేండ్లకుపైగా జీవించెను. 1977లో గ్రూంట్‌జిగ్ జూరిచ్ నగరమున గుండెధమనిని బుడగతో వెడల్పుచేసెను.

మనవారును చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. డాక్టరు సోమరాజుగారు, అబ్దుల్ కలాముగారు కలిసి స్వదేశమున చౌకయగు స్టెంటును రూపొందించిరి. లక్ష రూపాయలకు మించి యమ్ముడైన మందుపూత స్టెంటునకు 2017 ఫిబ్రవరిలో కేంద్రప్రభుత్వము 29,600 రూపాయల గరిష్ఠధర విధించినది.

ఈ విద్య గుండెకే పరిమితము కాదు. కాలేయమున చేరిన చీమును అల్ట్రాసౌండు చూపున సూదితో తీయవచ్చును. అడ్డుపడిన మూత్రపిండమునకు గొట్టమమర్చవచ్చును. గర్భాశయపు కణితికి రక్తమందకుండ చేయవచ్చును. అయినను ఇది సర్వరోగనివారిణి కాదు. రంగుమందు కొందరి మూత్రపిండములకు కీడు చేయును. రక్తస్రావ భయమును కలదు. అనేక రోగములకు నేటికిని కత్తియే శరణ్యము. ఏది తగునో నిర్ణయించువాడు వైద్యుడే.

ఇక మన ప్రశ్న. కరణ్‌కోట కార్మికుడొకడు పక్షవాతముచే పడిపోయెననుకొనుడు. మెదడులోని రక్తపుగడ్డను కరగించు మందు 4½ గంటల లోపల నీయవలెను. గొట్టముతో గడ్డను లాగివేయుట సాధారణముగ 6 గంటల లోపల, కొందరియెడల మాత్రము 24 గంటల వరకు సాధ్యము. భాగ్యనగరమో నూరు కిలోమీటర్లకు మించిన దూరమున నున్నది. ధనికునికి కారు కలదు. కూలివాని కేమి కలదు? 2007లో ఆరంభమైన ఆరోగ్యశ్రీ పేదవాని వైద్యవ్యయమును భరింపవచ్చును గాని, గడచిన గంటలను తిరిగి తేజాలదు.

వికారాబాదున 2023లో ప్రభుత్వ వైద్యకళాశాల నెలకొన్నది. జిల్లా ప్రజలు దానినుండి కోరవలసినది భవనములు మాత్రమే కాదు. చీమును తీయుటకు పెద్ద యంత్రశాల యక్కరలేదు. అల్ట్రాసౌండు యంత్రము, సూది, గొట్టము, శిక్షితమైన చేయి చాలును. ఆ పని మొదట ఆరంభము కావలెను. పిమ్మట ధమనులను తెరచు యంత్రశాలయు, రాత్రింబవళ్లు సిద్ధముగనుండు వైద్యులును రావలెను. పన్ను చెల్లించు రైతులును, పట్టణమునందలి పెద్దలును ఈ మాటను తమ శాసనసభ్యుల నడుగుట భిక్ష కాదు, హక్కు.