సోమ తీపే.. బేరం కుదిరితేనే!

హైదరాబాద్ ద్రాక్ష కడుపున పుట్టిన తెల్ల వైను రకం

చిక్కబళ్లాపురం: నంది కొండ చుట్టుపక్కల ద్రాక్ష అనగానే నల్ల కాయే గుర్తొస్తుంది. 2013లో భౌగోళిక గుర్తింపు పొందిన బెంగళూరు బ్లూ ఇక్కడి పంటే మరి. దాని పక్క పందిళ్లకు వేలాడే పొడవాటి తెల్ల కాయ దిల్‌ఖుష్. అదెక్కడిదో కాదు, మన హైదరాబాద్ అనాబ్-ఎ-షాహి నుంచి ఏరి తీసిన రకం. 1890 ప్రాంతంలో అబ్దుల్ బాకర్ ఖాన్ హైదరాబాద్‌కు తెచ్చిన ఆ 'రాజుగారి ద్రాక్ష'కు కన్నడనాట మరో బిడ్డ ఉంది. పేరు అర్క సోమ. దాని పని తెల్ల వైను.

తీపే అసలు లెక్క

బెంగళూరు శివారు హెసరఘట్టలోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ అనాబ్-ఎ-షాహిని, హంగేరీ రకం 'క్వీన్ ఆఫ్ ద వైన్‌యార్డ్స్'తో కలిపి సోమను తయారుచేసింది. అనాబ్-ఎ-షాహి రసంలో తీపి 15 శాతం అటూ ఇటూ. సోమలో 20 దాటుతుంది. పులిస్తే చక్కెరలో సుమారు సగం ఆల్కహాల్ అవుతుంది. అందుకే తల్లి రకంతో చేస్తే పలచనయ్యే వైను, సోమతో నిలబడుతుంది. పైగా మంచి వాసన. పక్షికన్ను, బూజు, బూడిద తెగుళ్లను కొంత తట్టుకుంటుంది. గింజ ఉంటుంది కాబట్టి కిస్‌మిస్‌కు మాత్రం కుదరదు.

తెల్ల వైనుకు కాయ పిండగానే తొక్క తీసేసి, రసాన్ని చల్లగా ఉంచి పులియబెడతారు. ఎర్ర వైనుకైతే తొక్కతో సహా పులియాలి. మిగిలిన పిప్పి తోటకు ఎరువు.

కొనేదెవరు?

చిక్కు ఇక్కడే. దిల్‌ఖుష్‌కు ఒక వ్యాపారి రేటు తగ్గిస్తే ఇంకొకరిని పిలవొచ్చు. వైను ద్రాక్షకు ఫ్యాక్టరీ ఒక్కటే గుమ్మం. అదీ తనకు కావలసిన రకమే అడుగుతుంది. దొడ్డబళ్లాపురం దగ్గర 1988లో మొదలైన గ్రోవర్ సంస్థ తెల్ల వైనుకు సోవినియాన్ బ్లాంక్, వియోనియే లాంటి ఫ్రెంచి రకాలనే నమ్ముకుంది. కర్ణాటక 2007లోనే వైను విధానం తెచ్చి, బోర్డు పెట్టినా బేరం కుదుర్చుకోవాల్సింది రైతే.

అలాగని తినే ద్రాక్షకూ పూర్తి భరోసా లేదు. 2020 లాక్‌డౌన్‌లో లారీలు ఆగిపోయి పండిన గుత్తులు పందిళ్ల మీదే ఉండిపోయాయి.

చింతామణి టమోటా రైతు ఈసారి దెబ్బతింటే మరుసటి కారుకు పంట మార్చుకుంటాడు. ద్రాక్ష తీగ అలా కాదు, ఏళ్ల తరబడి ఉంటుంది. బోరు నీళ్లే దిక్కైన బాగేపల్లి వైపు రాతి కూసాలు, తీగలు, డ్రిప్పు అన్నీ ముందే పెట్టాల్సిన ఖర్చులు. కాబట్టి సోమ నాటాలనుకునేవారు ఫ్యాక్టరీతో రకం, రేటు, తీపి శాతం ముందే కాగితం మీద రాయించుకోవాలి. గుంత తవ్వడం ఆ తర్వాతే!