డాబా మీద కరెంటు: కృష్ణా డెల్టా ఇంటి లెక్క

ఒక కుటుంబం తన డాబా మీద సోలార్ ప్యానెళ్లు పెట్టుకోవడం లాభమా, నష్టమా అన్నది పదిహేనేళ్ల క్రితం ప్యానెల్ ధరను బట్టి తేలేది. ఇప్పుడు విజయవాడలోనూ, కృష్ణా డెల్టా ఊళ్లలోనూ అది ఆ ఇంటి కరెంటు బిల్లును బట్టి, ఆ డాబా ఎవరిదన్న దాన్ని బట్టి, కరెంటు ఏ వేళలో కావాలన్న దాన్ని బట్టి తేలుతోంది.

ధర పడిపోయిన తీరు అసాధారణమైనది. 1954లో అమెరికాలోని బెల్ ప్రయోగశాల ప్రదర్శించిన సిలికాన్ సౌర ఘటం తన మీద పడిన ఎండలో ఆరు శాతాన్ని మాత్రమే విద్యుత్తుగా మార్చగలిగింది. నేడు డాబాల మీద పెడుతున్న మేలిరకం ప్యానెళ్లు ఇరవై శాతానికి పైగా మారుస్తున్నాయి. మన దేశంలో 2010 చివర జాతీయ సౌర మిషన్ కింద జరిగిన తొలి వేలంలో యూనిట్ ధర సగటున 12 రూపాయలు దాటింది. 2015 నవంబరులో కర్నూలు జిల్లా గని వద్ద నిర్మించే కేంద్రానికి అది 4.63 రూపాయలకు, 2017 ఏప్రిల్‌లో కడప ప్రాజెక్టుకు 3.15 రూపాయలకు, 2020 డిసెంబరులో గుజరాత్ వేలంలో 1.99 రూపాయలకు దిగివచ్చింది. ప్రపంచంలో అప్పటివరకు అమ్ముడైన ప్యానెళ్ల మొత్తం రెట్టింపైనప్పుడల్లా ధర సుమారు ఐదో వంతు తగ్గుతూ వచ్చిందని గమనించి, ఆ పోకడకు ‘స్వాన్సన్ సూత్రం’ అని పేరు పెట్టారు. చైనాలో కర్మాగారాలు పెద్దయెత్తున వెలియడం, సిలికాన్ పొర పలచబడటం, తయారీలో వృథా తగ్గడం ఇందుకు తోడయ్యాయి.

అయితే రాయలసీమకు కుదిరిన భారీ సోలార్ పార్కుల పద్ధతి డెల్టాకు కుదరదు. అప్పటి కర్నూలు జిల్లాలోని 1,000 మెగావాట్ల సోలార్ పార్కుకు దాదాపు ఆరు వేల ఎకరాలు పట్టింది. 1855 నాటి కృష్ణా ఆనకట్ట కాలం నుంచి కాలువ నీళ్లు తాగుతున్న మాగాణిని అంత విస్తీర్ణంలో ప్యానెళ్ల కింద పెట్టాలని ఎవరూ కోరరు, కోరకూడదు కూడా. ఇబ్రహీంపట్నంలో 1979 నుంచి నడుస్తున్న డాక్టర్ నార్ల తాతారావు థర్మల్ కేంద్రానికి బొగ్గు రైళ్లలో దూరం నుంచి రావాలి. ఎండ మాత్రం నేరుగా ఇంటి మీదే పడుతుంది. అందువల్ల ఇక్కడ సౌర విద్యుత్తుకు దొరికే అసలైన నేల డాబానే.

ఒక కిలోవాట్ సామర్థ్యానికి నీడ పడని వంద చదరపు అడుగుల చోటు కావాలి. ఏడాది సగటున అది రోజుకు నాలుగు యూనిట్లు, అంటే నెలకు సుమారు 120 యూనిట్లు ఇస్తుంది. పగలు వాడగా మిగిలిన కరెంటు లైన్లోకి వెళ్తుంది, రాత్రి వాడుకున్నది లైన్ నుంచి వస్తుంది, నెలాఖరున రెండింటి తేడాకే బిల్లు పడుతుంది. ఈ ఏర్పాటునే నెట్ మీటరింగ్ అంటారు. 2024 ఫిబ్రవరిలో కేంద్రం మొదలుపెట్టిన పీఎం సూర్యఘర్ పథకం మొదటి రెండు కిలోవాట్లకు కిలోవాట్‌కు 30,000 రూపాయల చొప్పున, మూడో కిలోవాట్‌కు 18,000 రూపాయలు రాయితీగా ఇస్తోంది. గరిష్ఠంగా అందేది 78,000 రూపాయలు.

రాష్ట్రంలో ఇళ్ల కరెంటుకు ఒకే ధర లేదు. మొదటి 30 యూనిట్లకు యూనిట్ 1.90 రూపాయలు, 75 వరకు 3 రూపాయలు, 125 వరకు 4.50, 225 వరకు 6, 400 వరకు 8.75, ఆపైన 9.75 చొప్పున పడుతుంది. ఈ మెట్లనే స్లాబులు అంటారు. సోలార్ కరెంటు బిల్లును పై మెట్టు నుంచి కోసుకుంటూ వస్తుంది, అంటే ముందుగా తగ్గేవి అత్యంత ఖరీదైన యూనిట్లే. నెలకు 350 యూనిట్లు కాల్చే ఇంటికి స్థిర చార్జీలు, ఇతర సర్దుబాట్లు కాక 2,110 రూపాయలు పడుతుంది. రెండు కిలోవాట్ల ప్యానెళ్లు 240 యూనిట్లు తగ్గిస్తే అది 350 రూపాయలకు దిగుతుంది. అమర్చడానికి లక్షా నలభై వేలు అయిందనుకుంటే, 60,000 రాయితీ పోగా పెట్టిన సొమ్ము నాలుగేళ్లలోపే తిరిగి వస్తుంది. ఏసీ లేని, నెలకు వంద యూనిట్లే వాడే ఇంటి సంగతి వేరు: బిల్లు మొత్తం పోయినా మిగిలేది మూడు వందల రూపాయలే కనుక, రాయితీ తర్వాత 35,000 పెట్టి ఒక కిలోవాట్ బిగించుకున్నా ఆ సొమ్ము రాబట్టుకోవడానికి పదేళ్లకు దగ్గర పడుతుంది.

ఒకే ప్యానెల్, ఒకే ఎండ, ఒకే వీధి. అయినా లాభం మాత్రం ఎక్కువ వాడే ఇంటికే ఎక్కువ దక్కుతోంది. రాష్ట్ర ప్రభుత్వం ఎస్సీ, ఎస్టీ కుటుంబాలకు రెండు కిలోవాట్ల వరకు ఉచితంగా అమర్చే పథకాన్ని, బీసీ కుటుంబాలకు అదనపు రాయితీని ప్రకటించడం ఈ వెలితిని పూడ్చే సరైన అడుగే. అయినా రేకుల ఇంట్లో ఉన్నవారికి, అద్దెకు ఉంటున్నవారికి బిగించుకోవడానికి సొంత డాబా ఉండదు. పటమట, మొగల్రాజపురం అపార్ట్‌మెంట్లలో డాబా అందరిదీ అయినందున ఏ ఒక్కరిదీ కాదు. ఒకచోట పుట్టిన కరెంటును పలు మీటర్ల ఖాతాల్లో పంచే ‘వర్చువల్ నెట్ మీటరింగ్’ విస్తృతంగా, సులువుగా అమలైతే తప్ప ఈ నగరంలో సోలార్ మార్కెట్ సొంతిళ్ల వాళ్లను దాటి పోలేదు.

విజయవాడ ఎండ ఎక్కువ కాబట్టి కరెంటు కూడా ఎక్కువే వస్తుందన్న నమ్మకం సగమే నిజం. ప్యానెల్‌కు కావలసింది వెలుతురు, వేడి కాదు. దాని మీద రాసి ఉండే సామర్థ్యం 25 డిగ్రీల వద్ద కొలిచినది. ఆపైన ప్రతి డిగ్రీకీ దాదాపు 0.35 శాతం తగ్గుతుంది. రోహిణి కార్తె మధ్యాహ్నం ప్యానెల్ 65 డిగ్రీలకు కాగితే ఉత్పత్తిలో ఏడో వంతు అక్కడే పోతుంది. కింద గాలి ఆడేలా ప్యానెళ్లను ఎత్తుగా బిగిస్తే ఈ నష్టం కొంత తగ్గుతుంది, పై అంతస్తు గది చల్లబడుతుంది, వడియాలు, మిరపకాయలు ఎండబెట్టుకునే చోటూ మిగులుతుంది. కానీ ఎత్తు పెరిగేకొద్దీ గాలి దెబ్బ పెరుగుతుంది. 1977 నవంబరు నాటి ఉప్పెనను చూసిన దివిసీమలో, ఉప్పుగాలి తగిలే నాగాయలంక, మచిలీపట్నం వైపు, జింకు పూత సరిగా లేని స్టాండు చవకగా వస్తుందని కొనడం డాబా మీదికి ప్రమాదాన్ని ఎక్కించుకోవడమే.

మరో సంగతి కొనేవారికి ముందే చెప్పాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగుకు గండ్లు పడి విజయవాడ సింగ్‌నగర్ ప్రాంతం రోజుల తరబడి నీళ్లలో మునిగి, కరెంటు ఆగిపోయింది. అటువంటప్పుడు బ్యాటరీ లేని సోలార్ ఇంట్లో కూడా ఎంత ఎండ కాసినా బల్బు వెలగదు. లైన్లో కరెంటు పోగానే, ప్యానెల్ కరెంటును ఇంటి కరెంటుగా మార్చే ఇన్వర్టర్ తనంతట తాను ఆగిపోయేలా తయారు చేస్తారు. అలా కాకపోతే కరెంటు లేదనుకుని స్తంభమెక్కిన లైన్‌మన్‌కు ఏదో ఒక డాబా నుంచి వచ్చిన విద్యుత్తు తగిలి ప్రాణం పోవచ్చు. ఇది లోపం కాదు, రక్షణ. వరద కాలంలో వెలుగు కావాలనుకునేవారు బ్యాటరీకి విడిగా ఖర్చు పెట్టుకోవాలి.

బ్యాటరీ అవసరం అన్నిటికన్నా స్పష్టంగా కనిపించేది చేపలు, రొయ్యల చెరువుల దగ్గర. పగలు చెరువులోని సూక్ష్మమైన నాచు ఎండను వాడుకుని నీటిలోకి ప్రాణవాయువు వదులుతుంది. చీకటి పడ్డాక ఆ నాచు కూడా రొయ్యలతో పాటు ఆ వాయువునే పీల్చుకోవడంతో తెల్లవారుజాముకు నీటిలో అది అట్టడుగుకు పడిపోతుంది. అందుకే తెడ్ల చక్రాలతో నీటిని చిలికే ఏరేటర్లు కైకలూరు, కృత్తివెన్ను, నాగాయలంక చెరువుల్లో రాత్రంతా తిరగాలి. సూర్యుడు కరెంటు ఇచ్చే వేళ చెరువుకు ప్రాణవాయువునూ తానే ఇస్తున్నాడు; చెరువుకు కరెంటు తప్పనిసరయ్యే వేళ ఆయన ఉండడు.

పైగా ఆక్వా జోన్లలో అర్హులైన రైతులకు ప్రభుత్వం యూనిట్‌ను రూపాయిన్నరకే ఇస్తున్నందున, లైన్ కరెంటుతో పోల్చుకుంటే రైతుకు ప్యానెల్ పెట్టే అవసరం కనిపించదు. రైతు ప్యానెల్ పెడితే లాభం ఆ రాయితీ భారం మోసే ప్రభుత్వానికే. రైతు నిజంగా పోల్చి చూడవలసింది డీజిల్‌తో. రాత్రి కరెంటు పోతే జనరేటర్ వెంటనే అందుకోకపోతే పంట మొత్తం తేలిపోతుంది కనుక ప్రతి గట్టు మీదా అది సిద్ధంగా ఉండాల్సిందే. 2010లో కిలోవాట్-అవర్‌కు వెయ్యి డాలర్లకు పైగా ఉన్న లిథియం బ్యాటరీ సగటు ధర 2024 నాటికి 115 డాలర్లకు దిగింది. పగలు గట్టు మీది ప్యానెళ్ల నుంచి నిండి, తెల్లవారుజామున రెండు నుంచి ఆరు గంటల వరకు నాలుగు ఏరేటర్లను తిప్పగల బ్యాటరీ, జనరేటర్ తాగే డీజిల్ కన్నా చవకైన రోజున చెరువు రైతుకు సోలార్ గురించి ఎవరూ నచ్చజెప్పనక్కర్లేదు.